తెర చూపు రంగు నిజమా?



ఛాయాచిత్రమును కాగితముపై చూచు కాలము చాలవఱకు గడచినది. నేడు చిత్రములను మనము హెచ్చుగా కంప్యూటరు తెరపైనను, చేతిలోని ఫోను తెరపైనను చూచుచున్నాము. దూరదేశమున నున్న కుమారుడు పంపిన మనుమని బొమ్మయు, తెగులు సోకిన వరి ఆకు బొమ్మయు, పట్టణపు దుకాణమువారు పంపిన పెండ్లిచీర బొమ్మయు తెరమీదనే వచ్చుచున్నవి. తాతల కాలపు పాతచిత్రము చినిగి మాసిపోయినచో, దానిని బాగుచేయువాడును తెరను చూచుచునే బాగుచేయుచున్నాడు. బొమ్మను చూచి మనమొక నిర్ణయమునకు వత్తుము: ఈ పైరునకు ఎరువు చాలలేదనియో, ఈ చీర మనకు తగుననియో, ఈ ముఖచ్ఛాయ మా నాయనగారిదే యనియో. ఆ నిర్ణయమునకు ఉన్న సాక్షి తెర యొక్కటే. సాక్షిని విచారింపకయే తీర్పు చెప్పుట పెద్దలు మెచ్చు పని కాదు. కాబట్టి ఛాయాచిత్రములను ఉన్నవి ఉన్నట్లు చూచుటకై కంప్యూటరు తెరను పరీక్షించి సరిచేయు విధమును గూర్చి నేడు మనవి చేసెదను.

తెర రంగులను ఎట్లు పుట్టించునో ముందుగా తెలిసికొందము. తెరను మంచి భూతద్దముతో చూచినచో అది లక్షలకొలది చిన్న చిన్న గళ్లుగా కనబడును. వీనినే పిక్సెలులందురు. ఒక్కొక్క గడియందు ఎఱుపు, ఆకుపచ్చ, నీలము అను మూడు వెలుగులు మాత్రమే యుండును. తక్కిన రంగులన్నియు ఈ మూటి కలయికలే. మూడును నిండుగా వెలిగినచో తెలుపు. మూడును ఆగిపోయినచో నలుపు. ఎఱుపును ఆకుపచ్చయు సమముగా కలిసినచో పసుపు. గిన్నెలో కలిపిన రంగులు కలిసినకొలది నల్లబడును. వెలుగులు కలిసినకొలది తెల్లబడును. ఈ మూడు వెలుగుల సూత్రమును ఛాయాచిత్రమున ప్రయోగించి చూపినవాడు స్కాట్లండు దేశీయుడగు జేమ్సు క్లార్కు మాక్సువెల్. ఆయన 1861వ సంవత్సరమున లండనులోని రాయల్ ఇన్‌స్టిట్యూషనునందు, ఒక రంగుల పట్టీని మూడు రంగుల వడపోతల గుండ వేర్వేఱుగా తీయించిన మూడు చిత్రములను, మూడు రంగుల వెలుగులతో ఒకదానిమీద నొకటి పడునట్లు చేసి రంగుల బొమ్మను చూపెను. నేటి మన తెరలన్నియు ఆ సూత్రముమీదనే నడచుచున్నవి.

ఇక కంప్యూటరులో దాచిన ఛాయాచిత్రమునందు రంగులు లేవు. అంకెలు మాత్రమే కలవు. సాధారణముగా ఒక్కొక్క వెలుగునకు సున్న మొదలు 255 వఱకు 256 మెట్లుండును. ఈ లెక్కను మూడు వెలుగుల కలయికలు 1,67,77,216 అగును. ఒక గడియందు ఎఱుపు 200, ఆకుపచ్చ 150, నీలము 120 అని వ్రాసియున్నచో అది యించుమించుగా చామనచాయ. అయితే ఆ 200 అనగా ఎంత వెలుగు? ఏ ఎఱుపు? అంకె ఆ మాట చెప్పదు. దానికి అర్థము చెప్పునది తెర. పూర్వము ఒక ఊరి కుంచము మఱొక ఊరి కుంచముతో సరిపోయెడిది కాదు. పది కుంచముల ధాన్యమని చీటీలో వ్రాసినంత మాత్రమున ధాన్యమెంతయో తెలియదు. ఏ ఊరి కుంచమో తెలియవలెను. ఒకే బొమ్మ దుకాణములో వరుసగా నిలిపిన పది తెరలమీద పది విధములుగా కనబడుటకు కారణమిదియే. చీటీ యొక్కటే; కుంచములు పది.

తెర తప్పు చూపుచున్నచో మన కంటికి తెలియదా యని మీరడుగవచ్చును. చాలవఱకు తెలియదు. ఆముదపు దీపపు వెలుతురున చూచినను, పట్టపగలు నీడపట్టున చూచినను తెల్లని పంచె మనకు తెల్లగానే కనబడును. యంత్రముతో కొలిచినచో దీపము దగ్గర దానినుండి వచ్చు వెలుగు నారింజపండు వన్నెకు చేరువగా నుండును. కన్నును, దాని వెనుకనున్న మెదడును కలిసి, చుట్టునున్న వెలుతురునకు సరిపడునట్లు రంగులను సర్దుకొనుచుండును. ఈ గుణమే లేనిచో పూటపూటకు ప్రపంచపు రంగులు మాఱిపోయినట్లు తోచి బ్రదుకు కష్టమగును. కాని తెరను పరీక్షించుపట్ల ఈ మంచిగుణమే మోసమగుచున్నది. నీలపు వన్నె హెచ్చిన తెరయెదుట కొంతసేపు కూర్చున్నవానికి ఆ నీలపు తెలుపే తెలుపుగా స్థిరపడును. తెరలోని దోషమును చివరకు తెలిసికొనువాడు నిత్యము దానియెదుట కూర్చుండువాడే.

దీనివలన కలుగు హాని రెండు విధములు. మొదటిది, తెర మితిమీరిన కాంతితో నున్నచో చిత్రము లేని వెలుగు కలదానివలె కనబడును. పనివాడు అది మఱీ తెల్లగా నున్నదని తలచి తగ్గించును. కాగితముపై అచ్చువేయగా బొమ్మ మసకగా, నల్లగా వచ్చును. అచ్చు నల్లబడినదను ఫిర్యాదునకు తఱచుగా కారణము అచ్చుయంత్రము కాదు, తెర. రెండవది, తెరయందు నీలము హెచ్చుగా నున్నచో, పనివాడు దానికి విరుగుడుగా పసుపును ఎఱుపును కలుపును. అప్పుడతని తెరపై ముఖము సరిగానే యుండును. తక్కిన లోకమంతటను కామెర్ల రోగి ముఖమువలె నుండును. ఇందు గమనింపవలసినది ఏమనగా, తెర దోషము తెరమీదనే నిలిచిపోలేదు. చిత్రపు అంకెలలోనికి ఎక్కినది. ఆ అంకెలనే భద్రపఱచి మొదటివానిని తుడిచివేసినచో, తరువాత ఎంత మంచి తెర తెచ్చినను పోయినది తిరిగి రాదు. తండ్రి బొమ్మ ఒక్కటే మిగిలిన కుటుంబమునకు ఇది చిన్న నష్టము కాదు.

మఱి సరియైన తెర యనగా ఎట్టిది? కుంచముల కలతను తీర్చుటకు మన దేశమున 1956లో తూనికల కొలతల ప్రమాణముల చట్టము వచ్చి, మెట్రిక్ కొలతలు అమలులోనికి వచ్చినట్లే, రంగులకును ప్రమాణములు ఏర్పడినవి. 1931లో అంతర్జాతీయ దీప్తి సంఘమువారు, మనుష్యుల చూపును పరీక్షించి లభించిన కొలతలనుండి సగటు మానవనేత్రము రంగులను గ్రహించు తీరును అంకెలలో నిర్వచించిరి. దాని యాధారమున, తెరల కొఱకు హ్యూలెట్ ప్యాకర్డు, మైక్రోసాఫ్టు సంస్థలు 1996లో ఎస్-ఆర్-జి-బి అను ప్రమాణమును ప్రతిపాదించినవి. 1999లో అది అంతర్జాతీయ ప్రమాణముగా ప్రకటింపబడినది. తెరలమీద చూచుటకై ఇచ్చిపుచ్చుకొను ఛాయాచిత్రములలో హెచ్చుపాలు నేటికిని ఈ ప్రమాణమునే అనుసరించుచున్నవి. ఇందలి నియమములలో మూడు మనకు ముఖ్యము: తెలుపు ఎట్టిదై యుండవలెను, కాంతి ఎంత యుండవలెను, అంకెకును వెలుగునకును సంబంధమెట్లుండవలెను అనునవి.

తెలుపు మాట మొదట చూతము. కమ్మరి కొలిమిలో ఇనుమును కాల్చునప్పుడు అది మొదట ఎఱ్ఱబడి, పిమ్మట పసుపు వన్నెకు వచ్చి, వేడిమి హెచ్చినకొలది తెలుపునకు చేరువగును. ఇనుము కరగిపోవును గాని, అంతకంటె ఎన్నో రెట్లు వేడియెక్కు వస్తువు వెలుగు నీలపు వన్నె పొందును. కాబట్టి వెలుతురుల వన్నెను శాస్త్రజ్ఞులు ఉష్ణోగ్రతతో పోల్చి కెల్విను అను కొలతతో చెప్పుదురు. పాతకాలపు తీగబల్బు వెలుగు సుమారు 2,700 కెల్వినులు, అది పసుపు. పగటి వెలుగు సుమారు 6,500 కెల్వినులు. తెరయొక్క తెలుపు ఈ 6,500నకు సరిపోవలెను. కొన్ని తెరలయందు 9,300 అను అమరిక కూడ నుండును. అది చూపునకు తళతళలాడును గాని నీలము హెచ్చినది.

కాంతికి కొలత క్యాండెలా. ఒక క్యాండెలా యనగా ఇంచుమించు ఒక కొవ్వొత్తి వెలుగు. ప్రమాణమున తెరకు చదరపు మీటరునకు 80 క్యాండెలాలు చెప్పబడినది. ఛాయాచిత్రములను సవరించువారు సాధారణముగా 80 మొదలు 120 వఱకు ఉంచుకొందురు. నేటి తెరలలో అనేకములు 250 మొదలు 350 వఱకు వెలుగగలవు; కొని తెచ్చిన దినమున ఆ నిండు వెలుగుననో, దానికి చేరువగనో యుండుట కలదు. అచ్చు నల్లబడుటకు మూలమిచ్చట నున్నది.

మూడవది గామా యనబడును. 255లో సగమగు 128 అను అంకె సగము వెలుగు నీయదు. నిండు వెలుగులో నూటికి 22 పాళ్లు మాత్రమే యిచ్చును. ఇది లోపము కాదు, బుద్ధిపూర్వకమైన యేర్పాటు. చీకటిగదిలో ఒక దీపము ప్రక్కన రెండవ దీపము వెలిగించినచో కంటికి గొప్ప భేదము తోచును. నూఱు దీపములు వెలుగుచున్నచోట నూటయొకటవ దీపము పెట్టినను తోచదు. కన్ను చీకటిపట్టున సూక్ష్మ భేదములను గ్రహించును గనుక అంకెలును అచ్చట దగ్గఱ దగ్గఱ మెట్లుగా నేర్పఱుపబడినవి. ఈ సంబంధమునకు వాడుకలోని కొలత 2.2.

ఇక పరీక్షకు వత్తము. యంత్రము లేకుండనే చేయదగిన పరీక్షలు కొన్ని కలవు. తెరను వెలిగించి అరగంట వేడెక్కనీయవలెను. రాత్రివేళ తెరను పసుపుగా మార్చు అమరికయు, గది వెలుతురును బట్టి కాంతిని తానే హెచ్చించి తగ్గించు అమరికయు నున్నచో ముందుగా వానిని ఆపివేయవలెను. కిటికీ ఎండ గాని దీపపు వెలుగు గాని తెరపై నేరుగా పడరాదు. చూచువాడు తెరకు ఎదురుగా, సమమైన యెత్తున కూర్చుండవలెను. కొన్ని తెరలయందు తల కొంచెము పైకెత్తినను దించినను వెలుగు మాఱిపోవును.

మొదటి పరీక్ష కాంతికి. తెల్లకాగితమును గదిలోని వెలుతురు చక్కగా పడునట్లు తెర ప్రక్కన పట్టి, తెరపై తెల్లని పుటను తెఱచి రెంటిని పోల్చవలెను. తెర దీపమువలె మండుచు కాగితము దానియెదుట బూడిదవలె కనబడినచో తెర కాంతి మితిమీరినది. రెండును ఇంచుమించు సమానముగా తోచువఱకు తగ్గింపవలెను.

రెండవ పరీక్ష నలుపునకును తెలుపునకును. పూర్తి నల్లని పుటమీద 5, 10, 15, 20 అంకెల చిన్న గళ్లను గీయించి, గది వెలుతురు తగ్గించి చూడవలెను. 10, 15 అంకెల గళ్లైనను లీలగా విడిగా కనబడవలెను. ఇరువది వఱకు అంతయు నలుపులో కలిసిపోయినచో, బొమ్మలోని నల్లని జుట్టు పోగులును, నీడలోని వస్తువులును ఆ తెరపై దాగిపోవుచున్నవని యర్థము. అట్లే పూర్తి తెల్లని పుటమీద 250, 245 అంకెల గళ్లు కనబడవలెను. అవి మాసిపోయినచో తెల్లని పంచె మడతలును, తెల్లని మేఘముల యాకారములును కానరావు.

మూడవ పరీక్ష గామాకు. ఒక గీత నలుపు, ఒక గీత తెలుపుగా సన్నని గీతల గుంపును గీయించి, దాని నడుమ 186 అంకెగల బూడిదరంగు గడినుంచి, చిత్రమును పెంచక తగ్గింపక చూపింపవలెను. దూరముగా నిలిచి, కండ్లు కొంచెము మూసి చూచినచో, గీతలు కలిసిపోయి సగము వెలుగుగా తోచును. గామా 2.2 యైనచో నడిమి గడి వానిలో కలిసి కానరాకపోవును. గడి గీతలకంటె తెల్లగా కనబడినచో గామా తక్కువ, నల్లగా కనబడినచో హెచ్చు. కంటికి తెలుపును నిర్ణయించు నేర్పు లేకపోయినను, ప్రక్కప్రక్కనున్న రెంటికి భేదమున్నదో లేదో చెప్పు నేర్పు చక్కగా కలదు. ఈ పరీక్ష ఆ నేర్పును వాడుకొనుచున్నది.

నాలుగవది వన్నెకు. నలుపు మొదలు తెలుపు వఱకు మెట్లు మెట్లుగా బూడిదరంగు పట్టీని చూపింపవలెను. ఏ మెట్టునందును ఎఱుపు గాని, పచ్చన గాని, నీలము గాని తొంగిచూడరాదు. ఒకచోట ఎఱుపు, మఱొకచోట ఆకుపచ్చ తోచినచో ఆ తెర మూడు వెలుగులను సమముగా నడపుట లేదు.

అయినను ఈ పరీక్షలు దోషమున్నదని చెప్పగలవే గాని ఎంత యున్నదో కచ్చితముగా చెప్పలేవు. తెలుపు వన్నె విషయమున కన్ను నమ్మదగినది కాదని ఇంతకుముందే చెప్పితిని. అందుకొఱకే కలరీమీటరు అను చిన్న యంత్రము వచ్చినది. దానిని తెరమీద ఆనించియుంచినచో, కంప్యూటరు ఒకదాని వెంట నొకటిగా తెలిసిన రంగులను తెరపై చూపుచుండును; యంత్రము ఒక్కొక్కదానిని కొలుచును. చూపుమని చెప్పిన రంగునకును, నిజముగా చూపిన రంగునకును గల భేదము ఇట్లు లెక్కకు వచ్చును.

పిమ్మట రెండు పనులు జరుగును. ఖాళీ త్రాసు ఒక ప్రక్కకు ఒరగుచున్నచో తేలిక తట్టలో పాసంగము వేసి సరిచేయుదుము. అట్లే తెరయందలి కాంతిని, తెలుపును, గామాను సరిచేయుట మొదటి పని. దీనినే కాలిబ్రేషను అందురు. అంతట మిగిలిన దోషమును చీటీపై వ్రాసియుంచుట రెండవ పని. ఈ త్రాసు ఇంత హెచ్చు చూపునని వ్రాసియుంచిన యెడల తూచువాడు అంత తగ్గించి లెక్కించును గదా. ఆ చీటీకి ప్రొఫైలు అని పేరు. ఇట్టి చీటీలు అన్ని యంత్రములకును చదువవచ్చునట్లు ఒకే రీతిగా నుండుటకై 1993లో అంతర్జాతీయ వర్ణసంఘము ఏర్పడినది. చీటీని చదువని ప్రోగ్రాములో బొమ్మను తెఱచినచో ఈ రెండవ ప్రయోజనము కలుగదని మాత్రము గుర్తుంచుకొనవలెను.

సరిచేసిన తెర మొదటి దినమున మసకగాను, పసుపు వన్నెగాను తోచుట సహజము. నీలపు వెలుగునకు అలవాటుపడిన కన్ను చెప్పు మాట అది. తొందరపడి మరల మార్చివేయరాదు. కన్ను త్వరలోనే సర్దుకొనును. తెరలోని దీపములు కాలక్రమమున వన్నె మాఱుచు, వెలుగు తగ్గుచు నుండును గనుక చిత్రములతో పనిచేయువారు నెలకొక పర్యాయము ఈ పరీక్షను మరల చేయుదురు.

ఇంత చేసినను తెరకు సాధ్యము కానివి కొన్ని కలవు. పడుగు ఒక రంగు, పేక మఱొక రంగుగా నేసిన పట్టుచీర చూచు కోణమును బట్టి వన్నె మార్చుచుండును. నిలకడగా నుండు బొమ్మ దానిని చూపలేదు. చీరను చేతబట్టి పగటి వెలుతురున చూచుటయే దానికి పరీక్ష.

వరిపైరు విషయము ఇంకను ముఖ్యము. ఆకు పచ్చదనమును బట్టి నత్రజని యెరువును నిర్ణయించుటకు ఆకురంగుల పట్టిక కలదు. ఆకును పట్టికకు ఆనించి, నేరుగా ఎండ తగులకుండ మన దేహపు నీడలో పోల్చి చూడవలెనని దాని నియమము. ఆ పట్టిక బొమ్మను ఫోను తెరపై చూపి దానితో ఆకును పోల్చుట తగదు. తెర వెలుగు పట్టిక రంగు కాదు. వ్యవసాయాధికారికి ఆకు బొమ్మ పంపవలసివచ్చినచో ఆకు ప్రక్కన తెల్లకాగితముంచి నీడపట్టున తీయుడు. కాగితము పసుపుగా కనబడినచో ఆకు పసుపును కొంత నమ్మరాదని చూచువానికి తెలియును. దానితోపాటు రంగుతో నిమిత్తము లేని సంగతులను మాటలలో తెలుపుడు: పసుపు ముదురాకులనుండి మొదలైనదా, లేత ఆకులనుండియా? నత్రజని లోపము ముదురాకులయందును, ఇనుము లోపము లేత ఆకులయందును మొదట కనబడును. ఈ సాక్ష్యమును ఏ తెరయు చెఱుపజాలదు.

వైద్యులు తెరలపై చూచు ఎక్స్-రే చిత్రములకు ప్రత్యేకముగా నలుపు తెలుపుల మెట్లకు ఒక ప్రమాణమే యేర్పడియున్నది. కావున పసిబిడ్డ కండ్లు పచ్చబడినవా యని ఫోను బొమ్మను చూచి ధైర్యపడుట గాని భయపడుట గాని కూడదు; బిడ్డను వైద్యునికి చూపవలెను.

తుదకు, పాత ఛాయాచిత్రమును బాగుచేయుటకు పట్టణమునకు పంపునప్పుడు నాలుగు మాటలు అడుగుడు. తెరను ఎప్పుడు సరిచేసితిరి? యంత్రముతో చేసితిరా, కంటితో చేసితిరా? దిద్దుటకు ముందు, చిత్రమును ఉన్నదున్నట్లు తీసిన ప్రతిని మార్పు లేకుండ మాకిత్తురా? పెద్ద అచ్చునకు ముందు చిన్న అచ్చు నొకటి తీసి పగటి వెలుతురున చూపెదరా? పని తెలిసినవాడు ఈ ప్రశ్నలకు కోపింపడు, సంతోషించును. నాలుగింటిలో మూడవది మాత్రము విడువకుడు. మొదటి ప్రతి మీ యింట భద్రముగా నున్నంతకాలము, నేటి పనివాని తెర తప్పైనను, నేటి యచ్చు చెడినను, మీ మనుమలు రేపు సరియైన తెరముందు కూర్చుండి ఆ ముఖమును మరల నిజముగా చూడగలరు.